అవార్డులొచ్చిన డాక్యుమెంటరీలు వైజాగ్‌కి ఎందుకు రావు? వచ్చినవి ఎవరు చూస్తున్నారు?

వాల్తేరు_వాణి
నాకొక్కదానికే ఇలా అనిపిస్తోందో, ఇంకెవరైనా ఉన్నారో చెప్పండి. ‘ఆర్‌ఆర్‌ఆర్: బిహైండ్ అండ్ బియాండ్’ 2024 డిసెంబర్ 20న థియేటర్లో వేస్తే బీచ్ రోడ్డు వైపు మల్టీప్లెక్స్‌లో చూశాను. హాలు సగం కూడా నిండలేదు. వెనక వరసలో కుర్రాళ్ళు “వారం ఆగితే నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చేస్తుంది కదరా” అని గొణుక్కుంటూనే చూశారు. నిజంగానే 27న వచ్చేసింది.

నాకు నచ్చింది, అది వేరే సంగతి. నా బాధల్లా ఏంటంటే, మన ఊళ్ళో తెర దొరికిన డాక్యుమెంటరీ అదొక్కటే. ‘ఆల్ దట్ బ్రీత్స్’ 2022లో అమెరికాలోని సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో గెలిచింది, అదే ఏడాది కాన్ ఫెస్టివల్‌లో డాక్యుమెంటరీలకిచ్చే గోల్డెన్ ఐ తెచ్చుకుంది, ఆ తర్వాత ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ఇక్కడ ఒక్క షో పడ్డట్టు ఎవరైనా విన్నారా? ఇంట్లో టీవీలో పెడదామంటే మా నాన్నగారు “ఇందాకే వార్తలు చూశాం కదమ్మా” అంటారు. తప్పు జనానిదా, హాళ్ళదా?

బజ్జీ_బాబాయ్
హాలువాడిని అనడం ఎందుకు? ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ అమ్ముడుపోని సినిమా వాడికెందుకు చెప్పండి.

మద్దిలపాలెం_మూర్తి
డాక్యుమెంటరీకి ఇంటర్వెల్ ఎక్కడుంది బాబాయ్, అసలు సమస్య అదే 😄

ఉక్కునగరం_రిటైర్డ్
మీరంతా చిన్నవాళ్ళు. మా రోజుల్లో డాక్యుమెంటరీ వద్దన్నా దొరికేది. 1948లో ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ వచ్చాక ప్రతి హాల్లోనూ సినిమాకి ముందు వాళ్ళ రీలు వేసి తీరాల్సిందే. పూర్ణా థియేటర్లో నేను చూసినవన్నీ ఆ రీళ్ళతోనే మొదలయ్యాయి. నలుపు తెలుపులో ఎక్కడో వరద, తర్వాత ఒక ఆనకట్ట, తర్వాత మంత్రిగారు రిబ్బను కత్తిరించడం, అన్నింటికీ ఒకే గంభీరమైన గొంతు. జనం ఆ కాసేపూ బయట బీడీ కాల్చుకుని, వేరుశనక్కాయల పొట్లం కట్టించుకుని, టైటిల్స్ పడే టైముకి లోపలికొచ్చేవారు. లోపల కూర్చున్నవాళ్ళు కూడా సీట్ల గురించి తగువులాడుకోవడమే తప్ప తెర వంక చూసింది లేదు.

అందుకని మా తరానికి డాక్యుమెంటరీ అంటే అసలు సినిమాకి ముందు భరించాల్సిన ఆలస్యం. వాణి గారి నాన్నగారూ మా బ్యాచే అయ్యుంటారు. ఆయన్ని తప్పుపట్టకండి.

అన్నట్టు ఆ ఫిల్మ్స్ డివిజన్‌ని 2022లో ఇంకో కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. అందులో మంచివి కూడా చాలా ఉన్నాయి, మేమే చూడలేదు.

వాల్తేరు_వాణి
@ఉక్కునగరం_రిటైర్డ్ మీ పోస్ట్ చదివి వినిపించాను. “ఆయనెవరో కరెక్టుగా చెప్పాడు” అని ఫోన్ లాక్కుని ఇంకోసారి చదువుకున్నారు.

సీతమ్మధార_సుధ
జనం చూడట్లేదనే మాట నేను ఒప్పుకోను. ‘ది హంట్ ఫర్ వీరప్పన్’ వచ్చిన వారం మా ఆఫీసులో లంచ్ టైములో వేరే టాపిక్కే లేదు. 2021లో ఢిల్లీ బురారీ ఇంట్లో చావుల మీద వచ్చిన సిరీస్‌కీ అంతే. ‘కర్రీ అండ్ సైనైడ్’ అయితే మా అపార్ట్‌మెంట్‌లో అందరూ చూశారు. ఇంట్లోవాళ్ళకే విషం పెట్టిన కేసు కదా, అది చూశాక మా అత్తగారు తన కాఫీ తనే కలుపుకుంటున్నారు. నాకు హాయిగానే ఉంది.

చావు ఉంటే చూస్తారు, స్టార్ ఉంటే చూస్తారు. రెండూ లేకపోతేనే కష్టం.

మధురవాడ_మహి
స్టార్ ఉన్నా అన్నీ ఆడవు లెండి. నయనతార డాక్యుమెంటరీ ఎంతమంది పూర్తిగా చూశారు? ధనుష్ నిర్మించిన సినిమాలోంచి మూడు సెకన్ల క్లిప్పు వాడినందుకు 10 కోట్ల నోటీసు, ఆమె ధనుష్‌కి రాసిన బహిరంగ లేఖ... ఇవన్నీ అందరికీ తెలుసు. లోపల ఏముందో ఎవర్నైనా అడగండి, పెళ్ళి అంటారు, అంతే.

కంచరపాలెం_కాఫీ
లోపల కూడా పెళ్ళే ఉంది. నేను చూశాను.

మద్దిలపాలెం_మూర్తి
నా దృష్టిలో స్టార్ల మీద వచ్చేవన్నీ పెద్ద సైజు ప్రమోషన్లే. ‘మోడర్న్ మాస్టర్స్’ రాజమౌళి మీద వచ్చింది కదా, 2024 ఆగస్టులో. గంటకి పైగా అందరూ ఆయన్ని పొగుడుతూనే ఉంటారు. ఎవరినైతే తీస్తున్నామో వాళ్ళే తలుపు తీసి కూర్చోబెట్టి కాఫీ ఇస్తే, ఇబ్బంది పెట్టే ప్రశ్న ఎవరడుగుతారు?

వాల్తేరు_వాణి
ఆర్‌ఆర్‌ఆర్ దాన్ని మాత్రం ఆ గంపలో వేయకండి. ‘నాటు నాటు’ కీవ్‌లో ప్యాలెస్ ముందు తీశారని అందరికీ తెలుసు. కానీ ఒక స్టెప్పు కోసం ఎన్నిసార్లు మళ్ళీ మళ్ళీ చేయించారో, ఇద్దరూ ఆయాసపడుతూ మానిటర్ దగ్గరికి ఎలా వచ్చారో చూస్తే పని అంటే ఏంటో తెలుస్తుంది. పొగడ్త ఉంది, కాదనను. దాని వెనక చెమట కూడా ఉంది.

మద్దిలపాలెం_మూర్తి
చెమట చూపించడం కూడా ప్రమోషనే మేడమ్.

సీతమ్మధార_సుధ
మూర్తి గారికి ఏదీ నచ్చదు, ఇది పాత ఫోరమ్ నిజం.

పెందుర్తి_పద్మ
అసలు ప్రశ్న పక్కకి పోయింది. నేను కొంచెం ఈ పనిలో ఉన్నాను (ఎడిటింగ్, పెద్ద పేరేం కాదు), తెలిసింది చెప్తాను.

హాల్లో టికెట్ పెట్టి వేయాలంటే డాక్యుమెంటరీకి కూడా సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. ఫెస్టివల్‌కి మినహాయింపు దొరుకుతుంది, మామూలు షోకి దొరకదు. దాని ఖర్చు, హాలు అద్దె, పోస్టర్ ఖర్చు అన్నీ కలిపితే నాలుగేళ్ళు అప్పులు చేసి తీసిన మనిషికి ఇంకో అప్పు. అందుకే వాళ్ళు బయటి ఫెస్టివల్స్‌కి పంపుతారు. అక్కడ పేరొస్తే ఏదో ఒక ప్లాట్‌ఫామ్ కొంటుందని ఆశ. సుధ గారన్నట్టు ప్లాట్‌ఫామ్‌లకి కూడా క్రైమో సెలబ్రిటీయో కావాలి. మిగిలినవాటికి దారి అక్కడే ఆగిపోతుంది.

మన సినిమాలకి బయట వచ్చిన పేరు ఒకసారి చూడండి. 2021లో కాన్‌లో గోల్డెన్ ఐ పాయల్ కపాడియా ‘ఎ నైట్ ఆఫ్ నోయింగ్ నథింగ్’కి, మరుసటి ఏడాది అదే అవార్డు శౌనక్ సేన్ ‘ఆల్ దట్ బ్రీత్స్’కి. ఆస్కార్‌లో ఫీచర్ డాక్యుమెంటరీ నామినేషన్లు 2022లో ‘రైటింగ్ విత్ ఫైర్’, 2023లో ‘ఆల్ దట్ బ్రీత్స్’, 2024లో ‘టు కిల్ ఎ టైగర్’. చివరిది కెనడా వాళ్ళ నిర్మాణం, కథ మాత్రం జార్ఖండ్‌ది. వరసగా మూడేళ్ళు! క్రికెట్‌లో ఇలా జరిగుంటే జగదాంబ జంక్షన్‌లో టపాకాయలు కాల్చేవాళ్ళం.

బజ్జీ_బాబాయ్
గెలిస్తే కాల్చేవాళ్ళం. నామినేషన్‌కి కాల్చం.

కంచరపాలెం_కాఫీ
గెలిచినదీ ఉంది కదా. 2023లో ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’, షార్ట్ డాక్యుమెంటరీకి. అదే రాత్రి ‘నాటు నాటు’ కూడా గెలవడంతో మనవాళ్ళందరూ పాటకి గంతులేశారు, ఏనుగుని మర్చిపోయారు.

సీతమ్మధార_సుధ
అది మా పిల్లలకి ప్రాణం. నలభై నిమిషాలే కాబట్టి కూర్చుంటారు. ఏనుగు పిల్ల రఘు నీళ్ళలో పొర్లే చోట ఆపి ఆపి చూస్తారు.

మద్దిలపాలెం_మూర్తి
ఆ సినిమాలో ఏనుగుని పెంచిన దంపతులే తర్వాత 2 కోట్లు అడుగుతూ నోటీసు పంపారని పేపర్లో వచ్చింది, 2023 ఆగస్టులో. తీసినవాళ్ళు ఆ ఆరోపణలు నిజం కాదన్నారు. ఎవరిది నిజమో నేను చెప్పట్లేదు. కానీ అవార్డు ఒకరికి, జీవితం ఒకరిది. ఈ లెక్క నాకు ఎప్పుడూ తేలదు.

పెందుర్తి_పద్మ
మూర్తి గారూ, ఈసారి మీతో సగం ఏకీభవిస్తాను. ‘రైటింగ్ విత్ ఫైర్’ విషయంలోనూ అదే. ఆ సినిమా ఖబర్ లహరియా అనే వార్తా సంస్థలో పనిచేసే ఆడవాళ్ళ మీద. ఆస్కార్ వేడుకకి కొద్ది రోజుల ముందు వాళ్ళే ప్రకటన ఇచ్చారు. సినిమా కదిలించేలా ఉందంటూనే, మా పని మొత్తం ఒక్క పార్టీ మీద వార్తలు రాయడమే అన్నట్టు చూపించారు, అది సరికాదన్నారు. బయట ప్రపంచమంతా చప్పట్లు కొడుతుంటే లోపలున్నవాళ్ళు “ఇది మేం కాదు” అనడం మామూలు విషయం కాదు.

అయితే ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చున్నదాన్నిగా ఒక మాట. వందల గంటల ఫుటేజీలోంచి గంటన్నర తీయాలి. ఏది ఉంచినా ఇంకేదో పోతుంది. తెరమీదున్న ప్రతి మనిషికీ కత్తిరింపులో పోయిన తన ముక్కే గుర్తుంటుంది.

ఉక్కునగరం_రిటైర్డ్
ఏనుగుల సినిమా వల్ల వాళ్ళకి ఏమీ రాలేదనడం కూడా సరికాదు. తమిళనాడు ప్రభుత్వం ఆ దంపతులకి చెరో లక్ష, ముదుమలై, ఆనమలై శిబిరాల్లో పనిచేసే 91 మందికి కూడా తలా ఒక లక్ష ఇచ్చింది. సినిమా రాకపోతే ఆ 91 మంది ఎవరికి గుర్తొచ్చేవారు?

అడ్మిన్_విశాఖ
పైన ఒక పార్టీ పేరు పెట్టి రాసిన రెండు పోస్టులు తీసేశాను. సినిమాల గురించే మాట్లాడుకోండి.

బజ్జీ_బాబాయ్
ఆ రెండూ నావి కావు. ఎవరూ అడగలేదు, అయినా చెప్తున్నా.

రుషికొండ_రాగం
ముంబైలో ఉద్యోగం చేసిన రోజుల్లో అక్కడి 2023 మామి సినిమా ఫెస్టివల్‌లో ‘అగైనెస్ట్ ది టైడ్’ చూశాను. సర్వ్‌నీక్ కౌర్ తీసింది. దానికి అదే ఏడాది సన్‌డాన్స్‌లో స్పెషల్ జ్యూరీ అవార్డు వచ్చింది. ఇక్కడ ఎవరూ దాని పేరు ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. మన ఊరికి దానికంటే దగ్గర సినిమా లేదు.

ముంబై కోలీ మత్స్యకారులు ఇద్దరు, రాకేశ్, గణేశ్. స్నేహితులు. రాకేశ్ తండ్రి ఇచ్చిన చిన్న పడవలో, ఒడ్డుకి దగ్గర్లో, పాత పద్ధతిలోనే వేటకి వెళ్తాడు. గణేశ్ స్కాట్లాండ్‌లో చదువుకుని వచ్చినవాడు, పెద్ద బోటు, లోతు సముద్రం, నెత్తిన అప్పు. చేప తగ్గిపోతుంటే గణేశ్ ఎల్‌ఈడీ లైట్ల వేట వైపు చూస్తాడు. అది నిషేధం అని ఇద్దరికీ తెలుసు. రాకేశ్ ఇంట్లో పసిబిడ్డకి గుండె జబ్బు. ఇద్దరూ కలిసి మందు తాగుతూ వాదించుకుంటారు చూడండి, కెమెరా అక్కడుందన్న సంగతే మర్చిపోతాం.

పాత పద్ధతి ఎంత గౌరవంగా ఉందో చూస్తే కళ్ళు చెమర్చాయి. మన జాలరిపేటవాళ్ళకి చూపించాల్సిన సినిమా.

జాలరిపేట_కుర్రాడు
ఏటి గురూ, మాకు చూపించి ఏం నేర్పుదామని?

నేను సినిమా చూడలేదు, కథ మీరు చెప్పిందే. కానీ “పాత పద్ధతి గౌరవం” అని ఏసీ హాల్లో కూర్చుని కళ్ళు తుడుచుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా తాత తెప్ప మీద వెళ్ళేవాడు. మా నాన్న ఇంజన్ పడవ. మా బాబాయ్ సోనా బోటు (మరబోటు) మీద కళాసీ, అంటే బోటులో పనివాడు. ముగ్గురికీ ఒకే సముద్రం, కానీ ముగ్గురి లెక్కలు వేరు. బోటు వేటకి వెళ్ళాలంటే డీజిల్, ఐసు, బియ్యం, కూరలు ముందే పోయాలి. వారం పైన సముద్రంలో ఉండి వస్తే హార్బర్‌లో తెల్లారకముందే వేలంపాట మొదలవుతుంది. సరుకు మంచిదైతే పర్లేదు. లేకపోతే పాటలో వచ్చింది డీజిల్‌కే పోతుంది, కళాసీ వాటా సున్నా. మళ్ళీ వెళ్ళాలంటే ఓనర్ దగ్గరే అడ్వాన్స్ తీసుకోవాలి. అప్పుడు “ఆ లైట్లు తెచ్చుకుందామా” అని ఎవడో ఒకడు అంటాడు. వాడు దుర్మార్గుడై అనడు.

2022 జనవరిలో రింగు వలల (చేప గుంపు చుట్టూ తిప్పి లాగే పెద్ద వలల) గొడవ గుర్తుందా? మా పేట, పెదజాలరిపేట, వాసవానిపాలెం. పడవలు తగలబడ్డాయి, 144 సెక్షన్ పెట్టారు. అటూ ఇటూ ఉన్నది మా చుట్టాలే. పెళ్ళి పత్రికలు ఇచ్చి పుచ్చుకునేవాళ్ళు. టీవీవాళ్ళు వచ్చి మంటలు తీసుకుని వెళ్ళిపోయారు. గొడవ ఎందుకో అడిగినవాడు లేడు. 2023 నవంబర్‌లో హార్బర్‌లో నలభై దాకా బోట్లు కాలిపోయినప్పుడూ అంతే, మంటల వీడియో దేశమంతా తిరిగింది.

రుషికొండ_రాగం
తమ్ముడూ, నేర్పడానికి అనలేదు. నేను రాసిన తీరు అలా ఉంటే వదిలేయ్, సినిమా మాత్రం అలా లేదు. గణేశ్‌ని దొంగలా చూపించలేదు. నువ్వు రాసిన ఆ డీజిల్ లెక్కే అతని నోట వస్తుంది. చివరికి ఎవరు కరెక్ట్ అనేది సినిమా చెప్పదు.

జాలరిపేట_కుర్రాడు
చెప్పకపోతే మంచిదే. అయితే చూస్తా. లింకు?

రుషికొండ_రాగం
లింకు నా దగ్గర లేదు. పైరసీ లింకులు దయచేసి ఎవరూ పెట్టకండి.

బజ్జీ_బాబాయ్
అంటే మళ్ళీ వాణి గారి ప్రశ్నకే వచ్చాం 😂

మధురవాడ_మహి
ఎల్‌ఈడీ వేట అంటే ఏంటో మాలాంటివాళ్ళకి ఎవరైనా చెప్పండి.

జాలరిపేట_కుర్రాడు
బోటు మీద జనరేటర్ పెట్టి, పెద్ద పెద్ద లైట్లు వెలిగించి నీళ్ళ మీదకి, ఒక్కోసారి నీళ్ళ లోపలికి దించుతారు. చీకట్లో వెలుగు చూసి చేప గుంపుగా చేరుతుంది. కవళ్ళు, కానాగంతలు, వాటి పిల్లలు, అన్నీ. చుట్టూ వల తిప్పి లాగేస్తే ఒక్క రాత్రిలో ఆ గుంపు మొత్తం ఖాళీ. వెనకాల చిన్న వలతో వచ్చేవాడికి ఏమీ మిగలదు. 2017లో కేంద్రం నిషేధించింది. మా దగ్గర మరబోట్లు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల వేటాడకూడదని కూడా రూలుంది. రూలు పుస్తకంలో ఉంటుంది, చేప పుస్తకం చదవదు కదా, ఎటు పోతే అటే వెనక పడతారు.

సీతమ్మధార_సుధ
ఈ ఒక్క పోస్టుతోనే డాక్యుమెంటరీ తీయొచ్చు.

మద్దిలపాలెం_మూర్తి
తీస్తే నోటీసు పంపుతాడు జాగ్రత్త.

జాలరిపేట_కుర్రాడు
పంపను. వాటా ఇవ్వండి చాలు.

ఉక్కునగరం_రిటైర్డ్
మన ఊరి మీద ఎవరూ సరిగ్గా తీయలేదన్నది నా పాత ఏడుపు. 1966 ఉక్కు ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజు ఇరవై ఏళ్ళ వయసులో రోడ్డెక్కినవాళ్ళకి ఇప్పుడు ఎనభై. మా కాలనీలోనే ఒకాయన ఉండేవారు, లాఠీ దెబ్బ తగిలిన మోచేయి చూపిస్తూ ఆ రోజంతా వరసగా చెప్పేవారు. ఎవరూ రికార్డు చేయకుండానే పోయారు. కెమెరా ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉంది, తీయాల్సినవాళ్ళే మిగల్లేదు.

కంచరపాలెం_కాఫీ
మా పేట మీద ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా వచ్చింది, మా పేటవాళ్ళే వేషాలు వేశారు. బయటూరివాళ్ళు ఇప్పటికీ అదంతా నిజంగా జరిగిందనుకుని అడ్రస్ అడుగుతారు. డాక్యుమెంటరీకి ఆ అదృష్టం లేదు, నిజమైనా నమ్మరు.

పెందుర్తి_పద్మ
2024 జూన్‌లో డాక్యుమెంటరీలకి పేరున్న ముంబై ఫెస్టివల్ మిఫ్ జరిగినప్పుడు ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై, పుణెలో కూడా షోలు వేశారు. దక్షిణాదికి చెన్నై ఒక్కటే. మనకి రైల్లో ఒక రాత్రి ప్రయాణం, హోటల్, సెలవు. చూసే ఓపిక ఉన్నవాళ్ళు కూడా ఆగిపోయేది అక్కడే. అడిగేవాళ్ళు లేకపోతే ఇక్కడ ఎందుకు వేస్తారు?

హాళ్ళని అడుక్కోవడం మానేసి, తీసినవాళ్ళనే అడుగుదాం. చాలామంది డైరెక్టర్లు చిన్న కమ్యూనిటీ షోలకి ఒప్పుకుంటారు. కొందరు కొంచెం ఫీజు అడుగుతారు, అది న్యాయమే. చూసేవాళ్ళు ఎవరో, ఎందుకో మెయిల్‌లో స్పష్టంగా రాయాలి. “మా క్లబ్‌కి ఫ్రీగా పంపండి” అని రాస్తే జవాబు రాదు.

వాల్తేరు_వాణి
అయితే ‘అగైనెస్ట్ ది టైడ్’తోనే మొదలుపెడదాం. పౌర గ్రంథాలయం హాలు అడగనా?

జాలరిపేట_కుర్రాడు
ద్వారకానగర్‌లో వేస్తే మళ్ళీ మీరే చూసుకుంటారు. మా దగ్గర వేయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. మగాళ్ళందరూ ఒడ్డునే. రాత్రిపూట తెర కడితే పేట మొత్తం వస్తుంది. అయితే మరాఠీ మాటలకి కింద ఇంగ్లీషు అక్షరాలు పడితే మా నాన్న చదవలేడు.

రుషికొండ_రాగం
కరెక్ట్. తెలుగు సబ్‌టైటిల్స్ వేసినా పెద్దవాళ్ళలో చాలామంది చదవలేరేమో.

జాలరిపేట_కుర్రాడు
మైకు పట్టుకుని నేను చెప్తా. వెనకటికి మూకీ సినిమాలకి అలాగే చెప్పేవారట కదా.

మద్దిలపాలెం_మూర్తి
నువ్వు చెప్తే రాకేశ్ మాటలు తక్కువ, నీ మాటలు ఎక్కువ ఉంటాయి. దానికంటే ముందే స్క్రిప్టు రాసుకుని, ఇద్దరు గొంతులు పంచుకోండి. గణేశ్‌కి నేను చెప్తా కావాలంటే.

సీతమ్మధార_సుధ
మూర్తి గారు ఒక పనికి ముందుకొచ్చారు, స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

ఉక్కునగరం_రిటైర్డ్
ప్రొజెక్టర్ మా అసోసియేషన్‌ది ఉంది, బల్బు చూసుకోవాలి. మైకు సెట్టు ఎవరిది?

జాలరిపేట_కుర్రాడు
పండగలకి వాడే సెట్టు ఉంది. కరెంటు గుడి దగ్గర నుంచి లాగొచ్చు, పెద్దలని అడగాలి.

పెందుర్తి_పద్మ
డైరెక్టర్‌కి మెయిల్ నేను రాస్తాను. పేట పేరు, నిషేధం తేదీలు, మైకులో తెలుగు చెప్పే సంగతి అన్నీ పెడతాను. అనుమతి వచ్చేదాకా ఎవరూ పోస్టర్లు వేయకండి, వాట్సాప్ స్టేటస్‌లు కూడా వద్దు.

బజ్జీ_బాబాయ్
బజ్జీలు నావి. వాటికి ఎవరి అనుమతి అక్కర్లేదనుకుంటా.

జాలరిపేట_కుర్రాడు
మా ఊరొచ్చి బజ్జీలేంటి బాబాయ్, ఐసులో ఏమైనా దాచి ఉంటే వేపుడు మేం పెడతాం. మెయిల్‌కి జవాబు వస్తే ఇక్కడే పెట్టండి పద్మక్కా.